పడతామన్న భయం

కార్తీకమాసం తెల్లవారుజామున రాజమండ్రిలో గోదావరి రేవుకి వెళ్ళినవాళ్ళకి తెలుసు. పడుచువాళ్ళు చకచకా మెట్లు దిగిపోతారు. డెబ్భై దాటిన పెద్దావిడ మొదటి మెట్టు దగ్గరే ఆగి, పక్కవాళ్ళ భుజం కోసం తడుముకుంటుంది. నాలుగేళ్ళ క్రితం దాకా మా అత్తగారికి ఆ అవసరం ఉండేది కాదు.

ఒకరోజు స్నానాలగదిలో జారిపడ్డారు. అదృష్టం, ఎముక విరగలేదు. "ఇంక మీరు కదలకండి అత్తయ్యగారూ, అన్నీ నేనే అందిస్తాను" అన్నాను. కాఫీ కుర్చీ దగ్గరికే, భోజనం మంచం దగ్గరికే. కోడలు ఎంత బాగా చూసుకుంటోందోనని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు కూడా. మూడు నెలలు తిరిగేసరికి చెయ్యందిస్తే తప్ప ఆవిడ లేవలేకపోయారు. పడ్డందుకు కాదు సుమండీ, కూర్చోబెట్టినందుకు.

తర్వాత చదివితే తెలిసింది, ఈ పొరపాటు పెద్ద పెద్ద ఆసుపత్రులూ చేశాయని. 1935లో లండన్ దగ్గర వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మార్జరీ వారెన్ అనే డాక్టరమ్మకి, ఏళ్ళ తరబడి మంచాల మీదే పడివున్న ముసలివాళ్ళని అప్పగించారు. ఇంక వీళ్ళింతే అనుకోకుండా ఆవిడ ఒక్కొక్కరినీ పరీక్షించి, లేపి, నడిపించి, చాలామందిని తిరిగి ఇళ్ళకి పంపించింది. 1960లో షెల్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు, ముసలివాళ్ళు పడిపోయిన 500 సందర్భాలు తీసుకుని, ఎక్కడ పడ్డారు, ఎలా పడ్డారు అని ఓపికగా రాసిపెట్టాడు. 1990లో బోస్టన్‌లో తొంభై ఏళ్ళవాళ్ళ చేత 8 వారాలు కాళ్ళతో బరువులెత్తిస్తే, కాళ్ళ బలం రెట్టింపుకి మించి పెరిగింది. తొంభై ఏళ్ళకండీ!

నాకు బాగా నచ్చింది మాత్రం న్యూజిలాండు కథ. ఒటాగో వైద్యకళాశాల వాళ్ళు ఎనభై దాటిన ఆడవాళ్ళనే 233 మందిని తీసుకున్నారు. సగంమంది ఇళ్ళకి మొదటి రెండు నెలల్లో నాలుగుసార్లు ఫిజియోథెరపిస్టు వెళ్ళి, కాళ్ళకి బలాన్నిచ్చేవీ, తూలకుండా నిలబడటం నేర్పేవీ కసరత్తులు చూపించింది. ఏడాది చివర లెక్కచూస్తే, కసరత్తు లేనివాళ్ళు 152 సార్లు పడ్డారు, చేసినవాళ్ళు 88 సార్లే. ఈ సంగతి 1997లో అచ్చయింది. 2019లో ఇలాంటి 108 పరిశోధనలు కలిపి చూసినప్పుడూ, వ్యాయామం వల్ల పడటం సుమారు 23 శాతం తగ్గుతుందని తేలింది. అయితే ఉత్త నడక ఒక్కటే పడకుండా కాపాడుతుందని మాత్రం గట్టిగా రుజువు కాలేదు. గోదావరి గట్టున రోజూ నడుస్తున్నాం కదా, చాలదా అనేవాళ్ళు ఇది గమనించాలి.

మన పెద్దలకి ఈ కసరత్తులెవరు నేర్పారు అంటారేమో. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా వరి. ఇంటికొచ్చిన వడ్లు మిల్లులు వచ్చేదాకా దంచింది ఆడవాళ్ళే. నూతిలో నీళ్ళు తోడటం, వంగి ముగ్గుపెట్టటం, పీటమీద కూర్చుని లేవటం, అన్నిటికీ కాళ్ళే ఆధారం. ఆ రోజులే మంచివని నేననను. ఆ చాకిరీతో నడుం విరిగినవాళ్ళెందరో! గ్యాసుపొయ్యి, గ్రైండరు రావలసిందే. కాని కాళ్ళ పని పోయిన చోట మరొకటి పెట్టుకోలేదు. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఒంటికాలి మీద గెంతినవాళ్ళమే. ఇప్పుడు వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది లెక్కపెట్టి చూడండి, తెలుస్తుంది!

మా అత్తగారికి ఫిజియోథెరపిస్టు నేర్పింది ఇంతే. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవటం, గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవటం, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి నడవటం. పక్కన మనిషి ఉండాలి, కళ్ళు తిరిగే జబ్బుంటే ముందు డాక్టరుకి చూపించాలి. మొదట్లో "ఈ వయసులో నాకు గుంజీళ్ళా!" అని విసుక్కున్నారు. ఆవిడ కాళ్ళకంటే మొండికేసింది భయమే. అది వదలటానికి ఆరు నెలలు పట్టింది.

మొన్న కార్తీకంలో రేవుకి వెళ్ళాం. నేను మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. మూడో మెట్టు మీద ఆగి, "వదలవే అమ్మాయీ, నువ్వు లాగి నన్ను పడేసేలా ఉన్నావు" అన్నారు.