హంసలదీవి గంగ, దివిసీమ ఉప్పెన

మాఘ పౌర్ణమినాడు విద్యార్థులతో కలిసి హంసలదీవి వెళ్ళాను. వేణుగోపాలస్వామి ఆలయం దాటి, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి జనం స్నానానికి నడుస్తున్నారు. పాపుల పాపాలు కడిగి కడిగి నల్లబడిన గంగ, కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, చివరికి ఇక్కడ మునిగి హంస అయిందని స్థలపురాణం. పరుల మురికి మోసేవాళ్ళే నల్లబడతారన్న సంగతి ఈ కథ అల్లినవారికి తెలుసు.

పురాణాన్ని కొట్టిపారేయడం సులభం. దాని పక్కనే బతికిన భయాన్ని అర్థం చేసుకోవడం చరిత్ర చదివేవాడి పని. ఈ తీరపు పల్లెకారులు గంగమ్మకు మొక్కడం ఊరికే పుట్టిన ఆచారం కాదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచి సుమారు 30,000 మందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమ మునిగినపుడు ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు.

ఉప్పెన అందరినీ సమంగా చూసిందా? లేదు. డాబా ఉన్నవాడికి ఎక్కడానికి మేడ ఉంది. తాటాకు గుడిసెలోని పల్లెకారుడికీ, పొలం కూలీకీ ఏముంది?

“మాస్టారూ, గంగమ్మకు పేదలమీదే కోపమా?” అన్నాడొక విద్యార్థి.

1990 మే 9న మరో పెనుతుఫాను ఈ తీరాన్నే తాకింది. ముందుగా హెచ్చరించారు, లక్షలమందిని తరలించారు, తలదాచుకోను తుఫాను షెల్టర్లున్నాయి. మృతులు 1,000 దాటలేదు. సముద్రం మారలేదు, మనుషుల ఏర్పాటు మారింది.

కనుక మొక్కే చేతులను ఎగతాళి చేయవద్దు. ఆ చేతులవారికి గట్టి ఇల్లూ, గట్టి కరకట్టా దక్కాయా అని అడుగుదాం.