కంగాణీ పోయాక

విశాఖ, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు మలయా రబ్బరు తోటలకు వచ్చింది ఎక్కువగా కంగాణీల చేతి మీదుగా. తోటలో మేస్త్రీగా ఉన్నవాడే సొంతూరు వచ్చి, అరుగు మీద కూర్చుని, నాలుగు రూపాయలు అడ్వాన్సు చేతిలో పెట్టి, బంధువులను వెంటబెట్టుకు పోయేవాడు. తెచ్చిన కూలీ పనిలోకి దిగిన ప్రతి రోజుకూ తలకింతని వాడికి ముట్టేది.

1907లో మలయా పాలకులు ఒక నిధి పెట్టి, కూలీల దారి ఖర్చును యజమానులందరి మీదా వేశారు. దయతో కాదు, తోటలకు మనుషులు చాలక! అయినా ఈ చరిత్ర మొత్తంలో నాకు తెలివైన పనిగా కనిపించేది అదే. 1910లో ఒప్పంద కూలీల పద్ధతి ఆగింది. 1938లో భారత ప్రభుత్వం తోటలకు కూలీలను పంపడమే ఆపేసింది.

కంగాణీ పోయాడు. ఏజెంటు వచ్చాడు.

నేనుండే టోవా పాయోలో, మా బ్లాకు కింద క్యారేజీలు విప్పుకునే రిపేరు కూలీల్లో అప్పుడప్పుడు శ్రీకాకుళం యాస వినిపిస్తుంది. "ఏజెంటుకి ఎంతిచ్చావు బాబూ?" అని అడిగితే జవాబు లక్షల్లోనే ఉంటుంది. మన దేశపు నియమాల ప్రకారం రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఊళ్ళో డబ్బు లెక్కపెట్టుకునే సబ్ ఏజెంటుకు రిజిస్ట్రేషనెక్కడిది?

1983 వలస చట్టం కింద పదో తరగతి దాటనివారు 18 దేశాలకు వెళ్ళాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ జాబితాలో మలేసియా ఉంది, సింగపూర్ లేదు. జొహోర్ వంతెనకు అటు పనికి వెళ్ళేవాడి కాగితాలు చూసే అధికారి ఉన్నాడు, ఇటు వచ్చేవాడికి లేడు.

సింగపూర్ 2014లో మనుషుల అక్రమ రవాణా నిరోధక చట్టం చేసింది. మొదటి నేరానికే పదేళ్ళ దాకా జైలు, లక్ష డాలర్ల దాకా జరిమానా, బెత్తం దెబ్బలు. వెట్టిచాకిరీ కేసులో ఆ చట్టం కింద తొలి శిక్ష 2020లో పడింది. బాధితులు ముగ్గురు బంగ్లాదేశ్ యువతులు. శిక్ష పడింది క్లబ్బులు నడిపిన భారతీయ దంపతులకు, అయిదున్నరేళ్ళు.

ఆ చట్టం వెతికేది మోసాన్నీ, బలవంతాన్నీ. మా బ్లాకు కింద మనిషి "ఇష్టపడే వచ్చాను సార్" అంటాడు. అతని పర్మిట్ యజమాని చేతిలో, అప్పు పత్రం ఊళ్ళో వడ్డీవ్యాపారి చేతిలో. ఓవర్‌టైం ఎగ్గొట్టినా నోరెత్తడు. 1907లో దారి ఖర్చు యజమానులే కట్టినప్పుడు, ఏజెంటు ఫీజు ఈనాటి యజమాని ఎందుకు కట్టకూడదో నాకు బోధపడదు.