ఎవరి ఫాంట్ వాళ్లదే: తాతయ్య సీడీలో దాక్కున్న తెలుగు

నానక్‌రామ్‌గూడలో మా రూమ్ నుంచి ఇంకో ఎపిసోడ్. పక్కన కొత్త టవర్ కడుతున్నారు, ఆ సౌండ్ వినిపిస్తే ఏమనుకోకండి.

ఈసారి కథ ఒక సీడీతో మొదలైంది. మా తాతయ్య వాళ్ల ఊరి చరిత్ర రాసి, 1998లో డీటీపీ షాపులో టైప్ చేయించారు. ఆయన పోయాక ఆ ఫైల్ ఓపెన్ చేస్తే తెలుగు ఒక్క అక్షరం లేదు. అన్నీ పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఎందుకలా?

1991లోనే యూనికోడ్ మొదటి వెర్షన్‌లో తెలుగుకి చోటు దొరికింది. కానీ విండోస్‌తో పాటే తెలుగు ఫాంట్ రావడానికి 2001 దాకా, అంటే ఎక్స్‌పీ దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఫాంటే గౌతమి. అప్పటిదాకా పత్రికలు, డీటీపీ షాపులు చేతులు కట్టుకుని కూర్చోలేవు కదా! ఇంగ్లిష్ అక్షరాలుండే గదుల్లో తలకట్టు, గుడి, వత్తు ముక్కలు పెట్టి సొంత ఫాంట్లు వాడుకున్నారు. కంప్యూటర్‌కి అది ఇంగ్లిషే, ఫాంట్ మాత్రం తెలుగు వేషం వేస్తుంది. ఏ ముక్క ఏ గదిలో అన్నది ఎవరిష్టం వాళ్లది. అందుకే ఈనాడు సైట్‌కి ఒక ఫాంట్, వార్తకి ఇంకో ఫాంట్ ఉండేవి. తెలుగులో వెతికితే ఏమీ దొరికేది కాదు. వాళ్లని తప్పు పట్టట్లేదు. అప్పుడు పని నడవాలంటే వేరే దారి లేదు.

మరి ఈ ముడి విప్పిందెవరు? అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఆర్‌టీఎస్ అనే పద్ధతి తయారు చేశారు. ఇంగ్లిష్ కీబోర్డుతో తెలుగు రాసే పద్ధతి అది. తర్వాత వెన్న నాగార్జున ‘పద్మ’ రాశారు. 2003లో తెలుగు వికీపీడియా మొదలుపెట్టింది కూడా ఆయనే. పాత ఫాంట్లలో ఉన్న పేజీని ఫైర్‌ఫాక్స్‌లోనే యూనికోడ్‌గా మార్చేసే యాడ్‌ఆన్ ఇది. కోడ్ అందరికీ ఓపెన్. ఆ కోడ్ ఆధారంగానే వీవెన్ ‘లేఖిని’ తెచ్చారు. ఒకరు పద్ధతి ఇచ్చారు, ఒకరు కోడ్ ఇచ్చారు, ఇంకొకరు దాన్ని మామూలు మనిషి వాడేలా చేశారు.

ఇక నా తెలివి చూడండి. ఇవేవీ వెతక్కుండా, మూడు వీకెండ్‌లు కూర్చుని సొంత కన్వర్టర్ రాశాను. వత్తులన్నీ తారుమారు! ఫ్రెండ్ చెబితే పద్మ కోడ్ చూశాను. ఒక్కో ఫాంట్‌కి ఒక్కో పట్టిక, అంతే. తాతయ్య ఫాంట్‌కి ఆ పద్ధతిలో పట్టిక రాసుకుంటే రెండు సాయంత్రాల్లో మొదటి పేజీ చదవగలిగాను.

అయితే ఓపెన్‌గా పెట్టడం సగం పనే. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి, పాత పద్ధతి యాడ్‌ఆన్‌లన్నిటినీ ఆపేసింది. పద్మ కూడా ఆ పద్ధతిదే. లేఖిని మాత్రం వెబ్ పేజీ కాబట్టి నడుస్తూనే ఉంది. పద్మలో పెట్టిన కష్టం అలా ఇంకో చోట బతికింది. ఎవరో ఒకరు అందుకోవడం వల్లే బతికింది.

ఒంటరిగా మొదలుపెట్టడం తప్పు కాదు. ఒంటరిగానే ఉంచేస్తేనే నష్టం. నా పట్టిక కూడా ఓపెన్‌గా పెట్టాను, వాడుకోండి, తప్పులుంటే దిద్దండి. మీ ఇంట్లో అలాంటి పాత ఫైళ్లుంటే ఫాంట్ ఫైల్ కూడా దాచండి. అది పోతే గదుల లెక్క కూడా పోతుంది.

మళ్లీ కలుద్దాం.