తీగ లేని విద్యుత్తు – రేడియో ఔత్సాహికుల లెక్క

మాటను తీగ లేక పంపగలిగిన మానవుడు విద్యుచ్ఛక్తిని మాత్రము అట్లేల పంపరాదు? ఈ ప్రశ్న రేడియోతోపాటే పుట్టినది. 1895లో కలకత్తాలో జగదీశ చంద్ర బోసు కంటికి కానరాని తరంగములచే దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకి మందును పేల్చి చూపెను. అయితే తరంగము చేసినది మీట నొక్కుట మాత్రమే. గంటను కదలించిన శక్తి అచ్చటి బ్యాటరీది.

నికోలా టెస్లా అంతటితో తృప్తి పడలేదు. 1899లో కొలరాడోలో ప్రయోగములు సలిపి, 1901లో న్యూయార్కు సమీపమున గొప్ప గోపురమును కట్టింప మొదలిడెను. భూమినే వాహకముగ జేసికొని లోకమునకెల్ల శక్తి నందింపవలెనని ఆయన సంకల్పము. ధనము చాలక పని నిలిచిపోయెను. 1917లో గోపురమును పడగొట్టిరి.

ఈ స్వప్నమును తూచి చూడగలవారు ఔత్సాహిక రేడియో ప్రయోక్తలు. వీరినే హ్యాములందురు. పరీక్ష యిచ్చి, అనుమతి పొంది, లాభాపేక్ష లేక తమ యింటనుండి సంభాషించు వారు వీరు. 1923 నవంబరులో ఫ్రాన్సు, అమెరికా ఔత్సాహికులు హ్రస్వ తరంగములపై అట్లాంటిక్ సముద్రమునకు ఇరువైపులనుండి పరస్పరము మాటాడుకొనిరి. మన హైదరాబాదులో 1983లో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ వెలసినది. కొలది వాట్లతో ఖండాంతరములు దాటు వీరికి, ఆవలి యొడ్డున చేరునది ఎంత స్వల్పమో బాగుగా తెలియును. ఆ స్వల్పమును గ్రాహకము తన సొంత విద్యుత్తుతో పెంచుకొనును.

వారి లెక్క నొకదానిని మనమును వేసి చూతము. 100 కిలోవాట్ల ప్రసారిణి తన శక్తిని అన్ని దిక్కులకు సమముగ వెదజల్లినదనుకొందము. 100 కిలోమీటర్ల దూరమున ఒక చదరపు మీటరుపై పడునది వాటులో పదిలక్షలవ వంతు కూడ కాదు. అయిదు హార్సుపవరు వ్యవసాయ మోటారుకు సుమారు 3,700 వాట్లు కావలెను. ఆ శక్తిని పోగుచేయుటకు 4,600 చదరపు కిలోమీటర్లకు మించిన వల పన్నవలెను. అది జనగామ జిల్లాకు రెండింతలకు పైమాట!

శక్తిని చెదరనీయక ఒకే దిక్కునకు పంపిన మార్గము కలదు. 1964లో అమెరికాలో విలియం బ్రౌన్ సూక్ష్మతరంగములతో చిన్న హెలికాప్టరును ఎగిరించెను. 1975లో గోల్డ్‌స్టోనున ఒక మైలు దూరమునకు 30 కిలోవాట్లు అందినవి. కాని పంపుటకు 26 మీటర్ల వెడల్పు గల పళ్లెము కావలసి వచ్చెను. అట్టి బలమైన తరంగము సన్నని సంకేతములను ముంచివేయునేమోనని ఔత్సాహికుల మరియొక శంక.

కనుకనే భూపాలపల్లి చెంత చెల్పూరులో 2010లో 500, 2016లో 600 మెగావాట్లతో వెలసిన కేంద్రముల విద్యుత్తు నేటికిని ఉక్కు స్తంభముల తీగలపైననే సాగుచున్నది. మహబూబాబాదు మీదుగా పోవు రైలింజను సైతము తలపైని తీగను తాకియే శక్తి గైకొనుచున్నది. అయినను జనగామ దారిలో కోమళ్ల టోలు గేటు వద్ద కారు అద్దముపై నంటించిన ఫాస్టాగ్ చీటీని చూడుడు. దానియందు బ్యాటరీ లేదు. గేటు పంపు తరంగమే దానికి ఆహారము. అడుగుల దూరము, అణుమాత్రపు పని కనుక అది సాధ్యమైనది.

తీగ తెగిపడి పొలమున ప్రాణములు పోవుచుండగా, తీగయే లేని రోజు రావలెనని కోరుట న్యాయమే. కాని ఆ రోజును వాగ్దానము చేయువారిని మూడు ప్రశ్న లడుగుడు: ఎంత శక్తి, ఎంత దూరము, చేరునది ఎంత? ఔత్సాహికులు మనకు నేర్పిన విద్య ఇదియే.