బొజ్జకూ గుండెకూ మధ్య

మెటబాలిక్ సిండ్రోమ్ కథను చాలామంది 1988తో మొదలుపెడతారు. ఆ ఏడు అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ తన బాంటింగ్ ఉపన్యాసంలో ఇన్సులిన్ నిరోధకత, షుగర్, బీపీ, ఎక్కువ ట్రైగ్లిజరైడ్లు, తక్కువ హెచ్‌డీఎల్‌ను (మంచి కొలెస్ట్రాల్) ఒక గూటికి చేర్చి 'సిండ్రోమ్ ఎక్స్' అన్నారు. తర్వాత దీనికే మెటబాలిక్ సిండ్రోమ్ అనే పేరు స్థిరపడింది. ఇవన్నీ కలిస్తే గుండె ధమనులు పూడుకుపోయే ముప్పు పెరుగుతుందన్నారు. బాగానే ఉంది గానీ, ఆ జాబితాలో బొజ్జ లేదు. ఈ సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

బొజ్జను పట్టుకున్నవాడు అంతకు నలభై ఏళ్ల ముందే ఉన్నాడు. ఆయనకన్నా ముందు స్వీడన్ వైద్యుడు కీలిన్ 1923లోనే బీపీ, షుగర్, గౌట్ జతకట్టి రావడం చూశారు. బొజ్జను పట్టుకున్నది మాత్రం ఫ్రాన్స్‌లోని మార్సెయ్ వైద్యుడు జాఁ వాగ్. 1947లో ఆయన అసలు ప్రశ్న వేశారు: కొవ్వు ఎంత ఉందని కాదు, ఎక్కడ ఉంది? తుంటి, తొడల దగ్గర చేరే కొవ్వు కంటే ఒంటి పైభాగాన చేరేదే షుగర్‌కూ ధమనుల జబ్బుకూ దారి తీస్తుందని 1956లో తేల్చి రాశారు.

మనవాళ్ల గుండెపోట్లకు మాత్రం చాలాకాలం నెయ్యినే ముద్దాయిగా నిలబెట్టారు. రైల్వే వైద్యుడు ఎస్.ఎల్. మల్హోత్రా 1967లో అచ్చువేసిన రైల్వే ఉద్యోగుల లెక్కలు చూడండి. గుండె జబ్బుతో చనిపోయినవారు దక్షిణాదిన లక్షకు 135 మంది, ఉత్తరాదిన 20 మంది. నెయ్యీ పాలూ దండిగా తిన్నది ఉత్తరాదివాళ్లు! రైల్వే రికార్డుల్లో రాసిన మరణ కారణాలను పూర్తిగా నమ్మలేం, నిజమే. అయినా ఏడింతల తేడాను గుమస్తా పొరపాటని కొట్టిపారేయలేం.

నెయ్యి కాకపోతే మరేమిటి? జవాబు వెతికినవారిలో పాల్ మెకీగ్ బృందం ముఖ్యమైనది. లండన్‌లో 3,193 మంది మగవాళ్లనూ 561 మంది ఆడవాళ్లనూ పరీక్షించి 1991లో 'లాన్సెట్'లో రాశారు. దక్షిణాసియావాళ్లలో షుగర్ 19 శాతం, యూరోపియన్లలో 4 శాతం. మనవాళ్లలో ఇన్సులిన్, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ. తుంటితో పోల్చితే నడుమూ ఎక్కువే. రీవెన్ వదిలేసిన బొజ్జ ఇక్కడ మళ్లీ లెక్కలోకి వచ్చింది. నా దృష్టిలో ఈ చరిత్రకు అసలు మలుపు 1991.

అలాగని అంతా తేలిపోలేదు. ఆ మగవాళ్లనే ఏళ్ల తరబడి గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. దక్షిణాసియావాళ్లలో గుండె జబ్బు మరణాలు దాదాపు రెట్టింపు. ఇన్సులిన్ నిరోధకతనూ మెటబాలిక్ సిండ్రోమ్‌నూ లెక్కలో కలిపినా ఆ తేడా చెరగలేదు. బొజ్జ సిద్ధాంతాన్ని ఇష్టపడే నాలాంటివాడికి ఇది మింగుడుపడని మాటే, కానీ దాచిపెట్టలేను.

ఈలోగా మెటబాలిక్ సిండ్రోమ్‌కు నిర్వచనాల సంత మొదలైంది. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థది ఒకటి, 2001లో అమెరికన్లది ఇంకొకటి, 2005లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్యది మరొకటి. నడుము 95 సెంటీమీటర్లున్న మన మగవాడి బొజ్జ 2001 కొలత (102) ప్రకారం లెక్కలోకి రాదు, 2005 కొలత (90) ప్రకారం వస్తుంది. మనిషి అదే, బొజ్జ అదే. 2005లోనే అమెరికా, యూరప్ డయాబెటిస్ సంఘాలు ఈ పేరు అవసరమా అని నిలదీశాయి. రీవెన్ అయితే దానికి ఆత్మశాంతి కోరుతూ ఏకంగా వ్యాసమే రాశారు.

52 దేశాల ఇంటర్‌హార్ట్ పరిశోధన 2010లో చెప్పింది కూడా ఆలోచించదగ్గదే. సిండ్రోమ్ ఉంటే గుండెపోటు ముప్పు రెండు రెట్లు దాటుతుంది. కానీ బీపీ ఒక్కటి ఉన్నా, షుగర్ ఒక్కటి ఉన్నా ముప్పు ఇంచుమించు అంతే. కాబట్టి సంబంధం నిజం. పేరు వల్ల కలిసొచ్చింది మాత్రం తక్కువ. పైగా సిండ్రోమ్‌ను తేల్చే ఐదు లక్షణాల్లో (నడుము, బీపీ, షుగర్, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్) పొగతాగడం లేదు, వయసు లేదు, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) లేదు. హెల్త్ చెకప్ కాగితం మీద 'సిండ్రోమ్ లేదు' అని చూసి బీడీ వెలిగించేవాడికి ఆ కాగితం చేసేది మేలు కాదు.

గుండె జబ్బంటే పట్నవాసపు జబ్బు అనుకునేవారికి ఒక లెక్క. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో 2003-04 మరణాలను పరిశీలిస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే.

ఇక కొలత సంగతి. నడుమెంత అని అడిగితే మనవాళ్లు ప్యాంటు సైజు చెబుతారు. బొజ్జ కింద బిగించిన బెల్టు కొలత అది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన, ఊపిరి వదిలాక, ఒంటి మీద టేపు పెట్టి కొలవాలి. దర్జీ టేపు చాలు. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి.