జపాన్‌ను చూసిన కళ్లు: వ్యాసచిత్రాలు, ఛాయాచిత్రాలు, ప్రదర్శనశాలలు

కథాచిత్రానికీ, డాక్యుమెంటరీకీ నడుమ నిలిచే ప్రక్రియ వ్యాసచిత్రం. ఇందులో దర్శకుడు ఒక విషయాన్ని చూపుతూనే దానిపై తన ఆలోచనను, సందేహాన్ని, జ్ఞాపకాన్ని వినిపిస్తాడు. జర్మన్ దర్శకుడు హాన్స్ రిక్టర్ 1940లో రాసిన వ్యాసం ఈ ప్రక్రియకు పేరు పెట్టింది. థియేటర్లలో అరుదుగా కనిపించే ఈ చిత్రాలకు ఇప్పుడు కళా ప్రదర్శనశాలలే ప్రధాన వేదికలయ్యాయి. అక్కడ ఇవి తరచుగా ఛాయాచిత్రాల పక్కనే చోటు చేసుకుంటున్నాయి. ఈ ప్రక్రియలో పదే పదే కనిపించే దేశాల్లో జపాన్ ఒకటి.

బయటివారి చూపు

ఫ్రెంచ్ దర్శకుడు క్రిస్ మార్కర్ (1921–2012) 1964 టోక్యో ఒలింపిక్స్ సమయంలో ఆ నగరానికి వెళ్లారు. క్రీడల కన్నా కుమికో మురావోకా అనే యువతి ఆయనను ఎక్కువగా ఆకర్షించింది. ఆమెతో సాగిన సంభాషణలే 1965 నాటి ‘కుమికో రహస్యం’ అయ్యాయి. 1982లో ఆయన జపాన్ ఛాయాచిత్రాలు, వచనం కలిపి ‘ల దెపేయి’ అనే పుస్తకం వెలువరించారు. మరుసటి ఏడాది వచ్చిన ‘సాన్ సోలేయ్’లో ఒక కల్పిత కెమెరామన్ రాసిన ఉత్తరాలను ఒక స్త్రీ చదువుతుంది. టోక్యోలోని గోతోకుజి ఆలయంలో తప్పిపోయిన పిల్లి కోసం ప్రార్థించే దంపతుల నుంచి పశ్చిమ ఆఫ్రికాలోని గినీ-బిస్సావు విమోచన పోరాటం వరకూ చిత్రం ప్రయాణిస్తుంది. లండన్‌లోని వైట్‌చాపెల్ గ్యాలరీ 2014లో మార్కర్ కృషిపై పెద్ద ప్రదర్శన నిర్వహించింది.

జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ 1983లో టోక్యో వెళ్లారు. యసుజిరో ఓజు (1903–1963) సినిమాల్లోని నగరం ఇంకా మిగిలి ఉందా అన్న ప్రశ్న ఆయనను అక్కడికి నడిపించింది. 1985లో విడుదలైన ‘టోక్యో-గా’లో పచింకో ఆటశాలలు, మైనంతో భోజన నమూనాలు తయారుచేసే కార్మికులు, ఓజు నటుడు చిషు ర్యూ, ఛాయాగ్రాహకుడు యుహారు అత్సుతా కనిపిస్తారు.

లోపలివారి సమాధానం

పరాయి దేశాన్ని ప్రేమించే చూపు కూడా ఆ దేశాన్ని ఒక వింతగా మార్చగలదు. ఇటువంటి ప్రదర్శనల్లో అసలు పరీక్ష ఇదే. అందుకే జపాన్ కళాకారుల కృతులు పక్కన లేనిదే చిత్రం పూర్తి కాదు. షోమెయి తోమత్సు 1966లో ‘11:02 నాగసాకి’ అనే ఛాయాచిత్ర గ్రంథం ప్రచురించారు. అణుబాంబు పడిన క్షణాన ఆగిపోయిన గడియారం, వేడికి కరిగి రూపం మారిన సీసా ఆయన చిత్రాల్లో చిరస్మరణీయమైనవి. 1968–69లో మూడు సంచికలే వెలువడిన ‘ప్రొవోక్’ పత్రికలో తకుమా నకహిరా, యుతాకా తకనాషి, రెండో సంచిక నుంచి దైదో మొరియామా గరుకైన, కదిలిన, మసక చిత్రాలను ప్రచురించారు. అందమైన, స్పష్టమైన జపాన్ అనే అధికారిక రూపాన్ని అవి తిరస్కరించాయి. ఈ పత్రిక, ఆనాటి నిరసన ఉద్యమాల నేపథ్యంతో 2016లో వియన్నాలోని ఆల్బెర్టినాలో మొదలైన ప్రదర్శన పలు దేశాలు తిరిగింది.

మసావో అదాచి తదితరులు 1969లో తీసిన ‘ఏకేఏ సీరియల్ కిల్లర్’ మరింత తీవ్రమైనది. నలుగురిని కాల్చిచంపిన పంతొమ్మిదేళ్ల యువకుడి ముఖాన్ని చూపకుండా, అతడు పెరిగిన, తిరిగిన ఊళ్లను మాత్రమే చూపింది. పని వెతుక్కుంటూ వలస వచ్చినవారికి ప్రతి నగరమూ ఒకే రూపంలో కనిపిస్తుందన్నది అందులోని వాదం.

ఇనుప ఖనిజం వెళ్లిన దారి

ఛత్తీస్‌గఢ్‌లోని తెలుగువారికి ఈ వాదం దూరమైనది కాదు. సోవియట్ సహకారంతో నిర్మించిన భిలాయి కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో ప్రారంభమైంది. ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి, ఇతర జిల్లాల నుంచి తరలివచ్చిన కుటుంబాలు సెక్టర్ 4 వంటి వాడల్లో, ఒకే నమూనా క్వార్టర్ల వరుసల మధ్య స్థిరపడ్డాయి. సివిక్ సెంటర్‌లో ఉక్కు కర్మాగారమే నిర్వహించే నెహ్రూ ఆర్ట్ గ్యాలరీ ఈ పట్టణపు ప్రదర్శన వేదిక.

జపాన్‌తో ఈ ప్రాంతానికి ఉన్న బంధం ఖనిజానిది. దక్షిణ ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనులు 1960ల్లో జపాన్ ఉక్కు పరిశ్రమ అవసరాల కోసమే అభివృద్ధి చెందాయి. కిరందుల్ నుంచి అరకు కొండల మీదుగా కొత్తవలస చేరే రైలుమార్గం ఆ ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చేందుకు నిర్మించినదే. భిలాయికి మాత్రం దల్లీ-రాజహరా ఖనిజమే ఆధారమైంది. మార్కర్, తోమత్సు, మొరియామా చిత్రించిన ఆ దశాబ్దపు జపాన్ వేగంగా నిర్మాణమవుతున్న దేశం. దాని ఉక్కులో బస్తర్ మట్టి, విశాఖ రేవు కూలీల శ్రమ కలిసి ఉన్నాయి.

వ్యాసచిత్రం బలం ఇటువంటి రెండు దూరపు దృశ్యాలను పక్కపక్కన ఉంచడంలోనే ఉంది. టోక్యోను, గినీ-బిస్సావును మార్కర్ ఒకే చిత్రంలో చేర్చారు. కిరందుల్ గని, కొత్తవలస స్టేషన్, విశాఖ రేవు, టోక్యో వీధి ఒకే వరుసలో నిలిచే చిత్రానికి కావలసిన సామగ్రి చరిత్రలో సిద్ధంగా ఉంది. దానికి వ్యాఖ్యానం తెలుగులోనూ సాగవచ్చు.