తల తెగని ఫోటో

దర్జీ మనిషిని కొలిచి గుడ్డ కత్తిరిస్తాడు. ఫోటో విషయంలో మొదట్నుంచీ తిరకాసే. చొక్కా ముందే కుట్టి ఉంటుంది, మనిషే అందులో ఇమడాలి.

విద్యానగర్ నుంచి అశోక్‌నగర్ దాకా, దరఖాస్తుల రోజుల్లో ఏ జెరాక్సు షాపు ముందు నిలబడినా ఇది తెలుస్తుంది. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు ఫోటోని 35×45 మిల్లీమీటర్లకి, చెప్పినన్ని కేబీలకి కుదించాలి. అదే ముఖం సాయంత్రానికి వాట్సాప్‌లో గుండ్రంగా, ఇన్‌స్టాగ్రామ్‌లో నిలువుగా కనపడాలి. ఈ కొలతల గోల ఈ కాలంవాళ్ల ఖర్మ అనుకుంటాం. కాదండీ, దీని వయసు నూట డెబ్బై ఏళ్లు దాటింది.

1854లో పారిస్‌లో దిస్‌దేరీ అనే ఆయన ఒకే గాజుపలక మీద చాలా చిన్న బొమ్మలు తీసే పద్ధతికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఒక్కో బొమ్మను సుమారు 6.4×10 సెంటీమీటర్ల అట్టకి అంటించేవారు; అంటే విజిటింగ్ కార్డంత అన్నమాట. ధర దిగింది, మధ్యతరగతివాళ్లకీ ఫోటో అందింది. కొలత ఒకటే కావడంతో దానికి తగ్గ ఆల్బములూ వచ్చాయి. ఇంకేం, ఆల్బంలో పట్టని ఫోటోకి ఇంట్లో చోటు లేకుండా పోయింది!

మన జంటనగరాల్లో ఈ విద్యకు పెద్దపేరు రాజా దీన్‌దయాళ్. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరై, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో పరదా చాటు స్త్రీల కోసం హైదరాబాద్‌లో జనానా స్టూడియో కూడా తెరిచాడు. 1894లో నిజాం ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ బిరుదిచ్చాడు. ఆ రోజుల్లో సాధారణంగా గాజుపలకను కాగితానికి ఆనించి అచ్చు తీసేవారు. పలక ఎంతో బొమ్మ అంతే. అందుకని తలపాగా పైన ఎంత ఖాళీ ఉండాలో, కాళ్లు ఎక్కడ ఆగాలో తీయకముందే చూసుకోవాలి. చుట్టూ మసకచేసి ముఖం ఒక్కటే అండాకారంలో నిలపడమూ అప్పటి స్టూడియోల అలవాటే. ఇవాళ్టి గుండ్రటి డీపీకి అది ముత్తాత.

ఇన్‌స్టాగ్రామ్ 2010లో వచ్చినప్పుడు చదరమే శాసనం. 2015లో అడ్డం, నిలువు ఫోటోలనూ ఒప్పుకుంది. 2025లో ప్రొఫైల్ గడులను చదరం నుంచి 3:4 నిలువుకి మార్చింది. చదరానికి సరిగ్గా అమర్చుకున్న వాళ్ల బొమ్మలు అంచుల్లో తెగాయి.

ఇక్కడ కాస్త లెక్క చూడండి. 4000×3000 పిక్సెళ్ల అడ్డం ఫోటోని నడుమనుంచి చదరం చేస్తే వెడల్పులో వెయ్యి పోతాయి, అటు అయిదు వందలు, ఇటు అయిదు వందలు. పెళ్లి ఫోటోలో ఎనిమిదిమంది అంచునుంచి అంచుదాకా వరసగా నిలబడ్డారనుకోండి. ఇటొకరు, అటొకరు గల్లంతు! సాధారణంగా చివర నిలబడేదెవరు? వంటింట్లోంచి ఆఖర్న వచ్చిన పిన్నీ, మొహమాటపడే దూరపు బంధువూ.

కత్తిరింపు చిన్న విషయం కాదని 2020 జనవరిలో లోకానికే తెలిసింది. దావోస్‌లో వాతావరణ ఉద్యమకారిణులు అయిదుగురు కలిసి తీయించుకున్న ఫోటోలో ఉగాండాకి చెందిన వెనెస్సా నకాటే అంచున నిలబడింది. వెనకనున్న భవనం బాగాలేదని ఏపీ వార్తాసంస్థ ఫోటోగ్రాఫరు ఆ పక్క కత్తిరించాడు. భవనంతోపాటు ఆమే పోయింది. మిగిలిన నలుగురూ తెల్లవాళ్లు. ఆమె నిలదీసింది, సంస్థ విచారం తెలిపింది. కత్తెరకి దురుద్దేశం అక్కర్లేదు, అజాగ్రత్త చాలు.

కనక తీసేటప్పుడే నాలుగువైపులా కాస్త ఖాళీ వదలండి. ముందు ఆకారం కత్తిరించండి, తర్వాత పిక్సెళ్లు తగ్గించండి, కేబీల సంగతి ఆఖర్న చూడండి. కొలతకు సరిపోలేదని పక్కలకు సాగదీయకండి. కోలముఖం బూరె అవుతుంది. అందరూ పట్టకపోతే పైనా కిందా తెల్లపట్టీలు వేస్తే మునిగిపోయేదేం లేదు.

మార్చేది నకలునే, అసలుది మాత్రం దాచండి. ఇరవై ఏళ్ల తర్వాత మనవరాలు “ఈ చివర ఎవరు తాతయ్యా?” అని అడగాలంటే, ఆ చివర మిగిలి ఉండాలి కదా!